సంతకం పెట్టని వాక్యం

సోఫియా,
12 ఫిబ్రవరి 2019

జివ్కా పెద్దమ్మకు,

ఫోనులో నా మాట నీకు వినిపించదు, చెవి మిషను పెట్టుకోమంటే అందులో కోళ్ళు అరుస్తున్నాయంటావు. అందుకే కాగితం తీశాను. కాళ్ళ కింద మంచు పొయ్యేదాకా నువ్వు మెట్లు దిగవద్దు, ఆ మేక సంగతి పక్కింటి వాళ్ళు చూసుకుంటారు.

నీ నెవెనా బాగానే ఉందని రాయాలనుకున్నాను. బాగా లేను. గర్భసంచిలో మూడు ఫైబ్రాయిడ్లట. రెండు చిన్నవి. మూడోది వెనక గోడలో, దానిమ్మకాయంత. నెలకు పది రోజులు రక్తం ఆగకుండా పోతోంది. డ్రైవరు సీటు మీద నల్ల ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద తువ్వాలు వేసి ట్రామ్ నడుపుతున్నాను. పోయిన గురువారం అదీ చాల్లేదు. స్టాపులో బండి ఆపి, ఎదురుగా ఉన్న బేకరీ వాళ్ళ బాత్రూములోకి పరిగెత్తాను. నాలుగు నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చేసరికి ఒకాయన నన్ను ఫోనులో వీడియో తీస్తున్నాడు. మర్నాడు డిపో మేనేజరు బోన్‌చెవ్ పిలిచాడు. "మా ఆవిడకీ అవే గడ్డలు. ఆవిడేం ట్రామ్ ఆపట్లేదే" అన్నాడు. మీ ఆవిడ ట్రామ్ నడపదు సార్ అన్నాను. అది కూడా రిపోర్టులో రాసుకున్నాడు.

పాలీక్లినిక్ డాక్టరు నా స్కాను చూసింది కానీ నన్ను చూడలేదు. "ముప్ఫై ఏడేళ్ళు. పిల్లలు లేరు. ఇక ఆ సంచి దేనికి, తీయించేసుకోండి" అంది. పాత సోఫా గురించి మాట్లాడినట్టు మాట్లాడింది పెద్దమ్మా. పిల్లలు లేరు కాబట్టే కదా అది కావాలి అంటే, నవ్వింది.

కలోయాన్ ఊరుకోలేదు. నా మొగుడి సంగతి తెలుసుగా, ఏ వస్తువైనా పది చోట్ల చూసి కొంటాడు. రోబోతో ఆపరేషన్లు చేసే ప్రైవేటు క్లినిక్ ఒకటి పట్టుకున్నాడు. అక్కడి డాక్టర్ మ్లాదెనోవ్ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. రోబో చెయ్యి ద్రాక్షపండు తొక్క ఒలిచి మళ్ళీ కుట్టే వీడియో చూపించాడు. మామూలు లాప్రోస్కోపీ అయితే పొడుగాటి కర్రలతో కుట్టినట్టే ఉంటుందట. ఆ కుట్లు నిలవవట, రేపు కడుపు వస్తే సంచి పగులుతుందట. సంచి నిలవాలంటే రోబో ఒక్కటే దారి అన్నాడు. నాకు ఆ ద్రాక్షపండు ఇంకా కళ్ళలోనే ఉంది.

నువ్వు ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సువి. చెప్పు, ఆయన మాట నిజమేనా?

నీ,
నెవెనా


బూకోవో,
21 ఫిబ్రవరి

చిట్టి తల్లికి,

నీ ఉత్తరం పోస్టావిడ నిన్న తెచ్చింది. చదివి, అన్నం పక్కన పెట్టి, మళ్ళీ చదివాను. బీన్సు సూపు మాడింది. నాకు కోపం వస్తే వంట పాడవుతుందని మీ అమ్మ అనేది.

ముందు ఆ వీడియో సంగతి. ద్రాక్షపండుకు రక్తం ఉండదు. అది ఊపిరి తీయదు, కదలదు. దాన్ని కుట్టడం గొప్పయితే నేనూ కుడతాను, మధ్యాహ్నం పూట కళ్ళజోడు పెట్టుకుని.

రోబో అంటే అదేదో తనంతట తాను వచ్చి కోస్తుందనుకుంటున్నావేమో. మూలన ఒక పెట్టె ముందు డాక్టరే కూర్చుంటాడు. ఆయన వేళ్ళు ఎటు తిప్పితే నీ కడుపులో ఆ చేతులు అటు తిరుగుతాయి. లాప్రోస్కోపీలో అదే డాక్టరు నీ పక్కన నిలబడి, పొడుగాటి పరికరాలను తన చేత్తోనే పట్టుకుంటాడు. రెండింటిలోనూ చిన్న చిన్న కంతలే, రెండింటిలోనూ కెమెరాయే. రోబో చేతికి మణికట్టు ఉంటుంది, మలుపుల్లో కుట్టడం సులువు. ఆ మాట ఒప్పుకుంటాను, నేను రిటైరయ్యాక వచ్చిందే అయినా పుస్తకాలు చదివాను. కానీ కుట్టేది మనిషి. గోడను ఎన్ని వరసల్లో కుట్టాడు, రక్తం ఆపడానికి ఎంత తక్కువ కాల్చాడు, దాని మీదే నీ సంచి నిలుస్తుంది. చెయ్యి రానివాడికి రోబో ఇస్తే చెయ్యి రానితనం ఇంకా ఖరీదవుతుంది, అంతే.

లాప్రోస్కోపీ కుట్లు పగులుతాయని నీకు చెప్పినవాణ్ణి నా ముందుకు తీసుకురా. మా థియేటర్లో అలా కుట్టించుకున్నవాళ్ళ పిల్లలు ఇప్పుడు సైన్యంలో ఉన్నారు.

వెళ్ళి అడుగు. ఈ ఆపరేషన్లు, అచ్చంగా ఇవే, మీరు స్వయంగా ఎన్ని చేశారు అని అడుగు. క్లినిక్ ఎన్ని చేసిందని అడక్కు. యంత్రం ఎన్ని చేసిందని అసలే అడక్కు. ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టకు. ముఖ్యంగా కింద చిన్న అక్షరాల్లో ఉన్నది.

ఇంకో మాట. గర్భసంచి లేకుండా కూడా మనిషి బతుకుతుంది. బతికి, తిని, పనికి వెళ్ళి, ముసలిదవుతుంది. అది నాకు తెలుసు. కాబట్టి భయంతో ఏ నిర్ణయమూ తీసుకోకు.

ఎర్ర తెల్ల దారం పేని కవరులో పెట్టాను. మార్చి ఒకటిన, మన ఆనవాయితీ ప్రకారం, ఆరోగ్యం కోసం మణికట్టుకు కట్టుకో. ట్రామ్ హ్యాండిల్‌కు తగిలితే బోన్‌చెవ్‌ను రిపోర్టు రాసుకోమను.

జివ్కా


సోఫియా,
5 మార్చి

పెద్దమ్మకు,

దారం అందింది. నీ ఉత్తరం చివరి పేరా కూడా అందింది. దాన్ని మూడు రోజులుగా మోస్తున్నాను.

పాలీక్లినిక్ ఆవిడ అన్న మాటే నువ్వూ అన్నావు. కాస్త మర్యాదగా అన్నావు, అంతే తేడా. సంచి లేకుండా కూడా బతుకుతారట. కాళ్ళు లేకుండా కూడా బతుకుతారు పెద్దమ్మా. నేను అడిగింది ఎలా బతకాలని కాదు. కలోయాన్ అయితే, మీ పెద్దమ్మ పాతకాలపు మనిషి, తనకు తెలిసిన పద్ధతి కాకపోతే ఇంకేదీ వద్దంటుంది అన్నాడు. నీ తరఫున వాదించాను. తరవాత, ఎందుకు వాదించానా అనిపించింది.

అయినా నువ్వు చెప్పినట్టే వెళ్ళి అడిగాను. అది మాత్రం ఒప్పుకోవాలి.

మ్లాదెనోవ్ మొదట నవ్వాడు. ఈ యంత్రం ప్రపంచమంతటా లక్షల ఆపరేషన్లు చేసిందన్నాడు. మీరు ఎన్ని చేశారు అన్నాను. మా టీమ్‌కి చాలా అనుభవం ఉందన్నాడు. మళ్ళీ అడిగాను. కాఫీ కప్పు కింద పెట్టి, "తొమ్మిది" అన్నాడు. వాటిలో గడ్డ మాత్రం తీసి సంచి ఉంచినవెన్ని అని అడిగాను. పెద్దమ్మా, ఆ మనిషి ముఖం చూడాల్సింది. టికెట్టు లేకుండా దొరికినవాళ్ళ ముఖం నాకు బాగా తెలుసు. "రెండు. మీరు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నారా?" అన్నాడు. అవును అన్నాను.

తరవాత కాగితాలు ఇచ్చారు. నాలుగు పేజీలు. అన్నీ చదివాను, వెనక నలుగురు ఎదురుచూస్తున్నా చదివాను. మూడో పేజీ అడుగున ఉంది: "అవసరమని వైద్యుడు భావించినచో గర్భాశయాన్ని పూర్తిగా తొలగించుటకు అంగీకరిస్తున్నాను." సంచి నిలవాలంటే రోబో ఒక్కటే దారి అన్నవాడు, అదే కాగితంలో దాన్ని తీసుకుపోవడానికి నా దగ్గర అనుమతి రాయించుకుంటున్నాడు. పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. కౌంటరులో అమ్మాయి కంగారుపడి, కొట్టివేతలున్న కాగితాన్ని కంప్యూటరు తీసుకోదంది. ఇంకో కాపీ ఇచ్చింది. దాన్నీ కొట్టేశాను. అప్పుడు ఆయనే బయటికి వచ్చి, అందరి ముందూ, "ఇది అందరూ పెట్టే సంతకం. మీకిష్టం లేకపోతే వేరే చోటు చూసుకోండి" అన్నాడు.

చూసుకుంటానని వచ్చేశాను. ఇంటికి వచ్చాక కలోయాన్, ఒక్క వాక్యం కోసం ఇంత మంచి చోటు పోగొట్టుకున్నావన్నాడు. అప్పటి నుంచి మేమిద్దరం ఉప్పు ఇటివ్వు అనే మాట తప్ప మాట్లాడుకోలేదు.

నువ్వైనా నా పక్కన ఉంటావనుకున్నాను.

నెవెనా


సోఫియా,
15 మార్చి

పెద్దమ్మా,

జవాబు లేదు. సరే, అర్థమైంది.

నిన్న చివరి స్టాపులో బండి ఆపి దిగుతూ పడిపోయాను. కండక్టరు ఆసుపత్రికి తీసుకొచ్చింది. హిమోగ్లోబిన్ ఆరున్నర. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఈ వార్డు డాక్టరు కూడా మొత్తం తీసేద్దాం, వచ్చే గురువారం ఖాళీ ఉంది అంటున్నాడు. ఆలోచిస్తానన్నాను. నిజం చెప్పాలంటే అలిసిపోయాను. తీసేసుకుంటే పోతుంది, ఇంక ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు అనిపిస్తోంది. నువ్వూ అదే కదా చెప్పావు.

నెవెనా


బూకోవో,
17 మార్చి

నెవెనా,

ఇది బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, నేరుగా నీ వార్డుకే తెస్తాడు. కొండ మీద మంచు పడి పది రోజులు రోడ్డు మూసేశారు. నీ రెండు ఉత్తరాలూ ఇవాళ పొద్దున్నే మొదటి బస్సులో ఒక్కసారిగా వచ్చాయి. నేను జవాబు ఇవ్వక కాదు, నాకు నీ మాట చేరనేలేదు.

గురువారం ఏ సంతకమూ పెట్టకు. ఈ ఉత్తరం మొత్తం చదివాక నీ ఇష్టం.

సంచి లేకుండా బతకొచ్చని రాసింది నీకు సలహాగా కాదు. అది నా కథ. నీకు తెలిసింది జివ్కా పెద్దమ్మకు పిల్లలు కలగలేదని. కలగకపోవడం కాదు. 1981లో నాకు ముప్ఫై నాలుగేళ్ళు. కోడిగుడ్డంత గడ్డ ఒకటి ఉంది. అది తీయించుకోవడానికి మా థియేటర్లోనే, ఆ రోజు పొద్దున్న నా చేత్తో తుడిచిన బల్ల మీదే పడుకున్నాను. కోసింది మా పెద్ద సర్జను. ఆ బల్ల మీంచి దించేసరికి సంచి లేదు. రక్తం ఎక్కువ పోయిందా అంటే లేదు. నా కాగితాలు నేనే తీసి చూశాను, ఎంత పోయిందో రాసి ఉంది, ఒక కాఫీ కప్పుడు. మరి ఎందుకు తీశారు? "మళ్ళీ మళ్ళీ కోయడం దేనికని" అన్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. నేను ఎవరినీ నిలదీయలేదు. ఆరు వారాల తరవాత డ్యూటీలో చేరి, పదకొండేళ్ళు ఆ మనిషి చేతికి కత్తి అందించాను. పదకొండేళ్ళు, నెవెనా. చెయ్యి వణకలేదు. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ మాట మీ అమ్మకు కూడా చెప్పలేదు. నువ్వు ఆ వాక్యాన్ని కొట్టేశావని చదివి, కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగాను. నేను నీ పక్కన లేనంటావా?

ఇప్పుడు నర్సు మాట విను. మొత్తం కొట్టేయడం కూడా తప్పే. ఎప్పుడో ఒకసారి రక్తం ఏం చేసినా ఆగదు. అప్పుడు సంచి తీస్తేనే మనిషి దక్కుతుంది. అలాంటివి రెండు చూశాను. కాబట్టి కొట్టేయకు, తిరగరాయించు. "ప్రాణం నిలపడానికి వేరే దారి లేకపోతే మాత్రమే." ఆ మాట రాయడానికి ఒప్పుకోని డాక్టరు నీకు వద్దు.

మీ ఊళ్ళోనే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ తెర్జియెవా ఉంది. పదహారేళ్ళ కింద మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చింది. కెమెరా పట్టుకుని నిలబడి, కుట్టు బాగాలేదని తనకంటే పెద్ద డాక్టరుకే చెప్పింది, తిట్లు తింది, మర్నాడు మళ్ళీ చెప్పింది. రోబో మీదా చేస్తుందట ఇప్పుడు. నాకు రోబోతో పేచీ లేదు. అబద్ధంతోనే పేచీ.

కలోయాన్‌కు ఈ ఉత్తరం చూపించు. అతను కూడా చదవాలి.

జివ్కా


సోఫియా,
24 ఏప్రిల్

నా పెద్దమ్మకు,

నెల రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపడం. కలోయాన్ నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతికిచ్చి, "ఆ కాగితం నేనైతే సంతకం పెట్టేసేవాణ్ణి. చదివేవాణ్ణి కూడా కాదు" అన్నాడు. ఆ రోజు నుంచి మాట్లాడుకుంటున్నాం.

గురువారం సంతకం పెట్టలేదు. వార్డు డాక్టరు నా ఫైలు మీద "రోగి సహకరించుట లేదు" అని రాశాడు. ఫొటో తీసి పెట్టుకున్నాను.

తెర్జియెవాను కలిశాను. పొట్టి మనిషి, గొంతు పెద్దది. నీ పేరు చెప్పగానే లేచి నిలబడింది. "జివ్కా గారు నా చేత కుట్టు ముడి ఇరవైసార్లు విప్పించారు" అంది. నువ్వు ఆ సంగతి నాకు చెప్పలేదు.

రోబోనా, లాప్రోస్కోపీయా అని సూటిగా అడిగాను. ఆవిడ కాగితం మీద సంచి బొమ్మ గీసి, నా పెద్ద గడ్డ ఎక్కడుందో చుక్క పెట్టింది. ఇలాంటివి తను లాప్రోస్కోపీతో నాలుగు వందలకు పైగా చేసిందట, రోబోతో అరవై. నేను అడక్కుండానే చెప్పింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళకు రక్తం పోవడంలో, ఇంటికి వెళ్ళే రోజుల్లో, ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదట. రోబోకైతే దాన్ని అమర్చే సమయంతో కలిపి ఎక్కువసేపు పడుతుంది. "వెనక గోడలో కుట్టేటప్పుడు రోబో నా నడుముకు సుఖం. మీ సంచికి ఏదైనా ఒకటే, నేను వరసలు సరిగా వేస్తే" అంది. ఏ పద్ధతిలోనైనా కుట్లు పగిలే ప్రమాదం కొద్దిగా ఉంటుందని, అది తక్కువే అయినా లేదని చెప్పనని అంది. కాన్పు మాత్రం ఆపరేషనే. కడుపు నిలుస్తుందని మాట ఇవ్వనంది. ఇంతమందిలో నాకు ఏ మాటా ఇవ్వని మొదటి మనిషి పెద్దమ్మా, ఆవిణ్ణే నమ్మాను.

వాళ్ళ రోబోను మగవాళ్ళ వార్డుతో పంచుకోవాలి. ప్రొస్టేట్ ఆపరేషన్లు ముందు వరసలో ఉన్నాయి, నా వంతు సెప్టెంబరులో. లాప్రోస్కోపీ అయితే జూన్లో. ఇలా రక్తం పోతుంటే సెప్టెంబరు దాకా ఆగడం తెలివితక్కువ అంది. నాకు మండింది. ఆడవాళ్ళం ప్లాస్టిక్ కవర్లు వేసుకుని వరసలో ఆఖరున నిలబడాలా అని అడిగాను. "నాలుగేళ్ళుగా నేనూ రాతపూర్వకంగా అదే అడుగుతున్నాను" అంది.

జూన్ పదకొండుకు ఒప్పుకున్నాను. అప్పటిదాకా వారానికోసారి ఐరన్ ఎక్కిస్తారు. వాళ్ళ కాగితంలోనూ ఆ వాక్యం అలాగే ఉంది. ఆవిడే కొట్టేసి, పక్కన తన చేత్తో నువ్వు చెప్పిన మాటే రాసి, ముందు తను సంతకం పెట్టింది. కంప్యూటరు తీసుకోదేమో అన్నాను. తీసుకునేదాకా ఇక్కడే కూర్చుంటానంది.

నిన్ను ఆ చివరి పేరాకు తిట్టుకున్న మూడు రోజులకూ క్షమించు.

నీ,
నెవెనా


బూకోవో,
3 మే

తల్లీ,

క్షమించడానికేం లేదు. నేనే తిన్నగా రాయలేదు.

వస్తున్నాను. మేకను పక్కింటికి అప్పగించాను. మంచం వద్దు, సోఫా చాలు. ఆపరేషన్ ముందు రోజు ఏం తినకూడదో నాకు తెలుసు కాబట్టి కలోయాన్‌ను వంటింట్లోకి రానివ్వను. మ్లాదెనోవ్ క్లినిక్‌కు ఆ కాగితం గురించి ఫిర్యాదు రాయి. నేను రాయలేదు. నువ్వు రాయి.

జివ్కా


సోఫియా,
8 జూలై

పెద్దమ్మా,

నువ్వు బస్సెక్కిన రోజు నుంచి ఇల్లు బోసిపోయింది. కంతలు మానాయి. నాలుగూ నాలుగు గోరుముద్రల్లా ఉన్నాయి. భుజం నొప్పి పోయింది, అది కడుపులో నింపిన గాలి వల్లేనని నువ్వు చెప్పింది నిజమే. ఈ నెల రక్తం నాలుగు రోజులే. నాలుగు రోజులకు మనిషి ఇంత ఏడుస్తుందా అని కలోయాన్ బెదిరిపోయాడు.

ఫిర్యాదు రాశాను. జవాబు వచ్చింది: "మా రోబోటిక్ సేవల పట్ల మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు." మళ్ళీ రాశాను, ఈసారి ఆరోగ్య శాఖకు కూడా ఒక కాపీ. ఇరవైసార్లు ముడి విప్పించగల పెద్దమ్మ ఉన్నదాన్ని, నాకేం తొందర లేదు.

డిపోలో చివరి స్టాపు దగ్గర ఆడ డ్రైవర్లకు బాత్రూము కావాలని పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. బోన్‌చెవ్ చదివి, ఇది కొత్త డిమాండు అన్నాడు. ట్రాముల కంటే పాతది సార్ అన్నాను.

ఒకటి అడగాలి. ఆపరేషన్ రోజు నా కళ్ళు తెరుచుకునేసరికి నువ్వు నవ్వుతున్నావు, ముఖమంతా తడిగా ఉంది. ఎందుకని అడిగితే తరవాత రాస్తానన్నావు. ఇంకా రాయలేదు.

నెవెనా


బూకోవో,
19 జూలై

నెవెనాకు,

రాస్తున్నాను. పొద్దున్నుంచి మూడుసార్లు టీ పెట్టుకున్నాను, ఇక సాకులు లేవు.

నిన్ను లోపలికి తీసుకెళ్ళాక కలోయాన్, నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. మూడు గంటలకు తెర్జియెవా తలుపు తీసుకుని వచ్చింది. టోపీ కింద జుట్టంతా చెమట. కలోయాన్ లేచి ఎదురెళ్ళాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. అతని ముఖం మాత్రం ఎర్రబడింది. ఏదో అయిపోయిందనుకున్నాను. అతను వచ్చి, నాతో మాట్లాడటానికి తెచ్చుకున్న చిన్న నోటుపుస్తకంలో రాసి చూపించాడు. ఆవిడ అన్న మాట అలాగే రాశాడు. "ఆమె బాగుంది, ప్రమాదం లేదు. లోపల ఏం చేశానన్నది మొదట ఆమెకే చెబుతాను. ఆమె ఒప్పుకుంటే మీకు." కింద తన మాట రాశాడు: "నేను భర్తనని చెప్పాను. అయినా చెప్పలేదు."

1981లో మా పెద్ద సర్జను థియేటర్లోంచి బయటికి వచ్చి వరండాలో మీ పెదనాన్నకు చెప్పాడు. ఆయన తన తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు వాళ్ళ అమ్మకు చెప్పాడు. వార్డు నర్సులకు తెలుసు, వంటమనిషికి తెలుసు. మూడో రోజు నా గది ఊడ్చే ఆవిడ, "పోనీలే అమ్మా, దేవుడు అలా రాశాడు" అంటే, ఏం రాశాడని అడిగాను. అలా తెలిసింది నాకు. అందరికంటే చివర.

కలోయాన్ చిన్నబుచ్చుకున్నాడు. అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నువ్వు లేవడానికి ఇంకో గంటన్నర పట్టింది. నీ కడుపులో ఏం ఉందో, ఏం పోయిందో ఆ గంటన్నర ఇద్దరికీ తెలియదు. అది ముందుగా తెలుసుకునే హక్కు నీది. అంత మంచి గంటన్నర నా బతుకులో ఇంకోటి లేదు.

జివ్కా